నరం లేని నాలుక

అందరి ముందూ పెట్టుకున్నాడు, ఏ సిగ్గూ లేకుండా, పాలపీక నోట్లో పెట్టుకునే పసివాడిలా, అదీ ఓడ ఇంకా స్వెన్‌బోర్గ్ రేవు దాటకముందే, పక్క బల్ల దగ్గర కుక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న దంపతులు చూస్తుండగా, కాఫీ గ్లాసులు తీస్తున్న అమ్మాయి చూస్తుండగా, నేను చూస్తుండగా. కోటు జేబులోంచి చిన్న తెల్ల డబ్బా తీశాడు, అందులోంచి మెత్తటి రబ్బరు ముక్క ఒకటి, దానికి తోకలాంటి తీగ, తీగ చివర అగ్గిపెట్టెంత పెట్టె. ఆ రబ్బరు ముక్కను నాలుకకు పైనా కిందా పట్టేలా నోట్లో ఇరికించుకుని, పెదాలు మూసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి నీళ్లను చూస్తూ కూర్చున్నాడు ఆస్గర్, పాతికేళ్లకు పైగా నా మొగుడుగా ఉన్న మనిషి. పక్కన మెరేట, ఇప్పటి భార్య, ఫోను పట్టుకుని తెర మీద వేలు ఆనించి, ఇవాళ కాస్త పెంచనా అని అడిగింది. అతను తలూపాడు. మాట్లాడటానికి లేదుగా. నేను అడగకుండానే మెరేట నాకు చెప్పింది, నాలుకకు కరెంటు, భయపడకండి, చీమలు పాకినట్టు ఉంటుందట అంతే అని. నాలుక కండ బలహీనపడితే నిద్రలో వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుందట, గురకంతా అందుకేనట, పగలు మెలకువగా ఉన్నప్పుడు రోజూ కాసేపు ఇలా కరెంటుతో కసరత్తు చేయిస్తే కండ గట్టిపడి రాత్రి తన చోట తాను ఉంటుందట. బాగుంది అన్నాను. నా గొంతు నాకే అరిగిపోయిన తీగలా వినబడింది.

ఆమె వేలు తెర మీద కాస్త పైకి జరగ్గానే అతని దవడ కింద ఏదో అదిరింది. నేను చూశాను. గడ్డం గీసుకునేటప్పుడు ఎప్పుడూ వదిలేసే ఆ నాలుగు వెంట్రుకల దగ్గర, చర్మం కింద చేపపిల్ల తోకాడించినట్టు. వేలికొసతో అతని నాలుకను ఆడిస్తోంది ఆ మనిషి. ఇన్నేళ్ల కాపురంలో ఆ నాలుక చేత నేను ఒక్క 'సరే' అనిపించలేకపోయాను. నరం లేని నాలుక ఎన్నయినా అంటుందంటారు, ఇదిగో ఇప్పుడు దానికి నరాలు కూడా మొలిపిస్తున్నారు, ఆమె చేతుల్లో, నా కళ్ల ముందు, కాఫీ బల్ల దగ్గర. ఆమెను ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. సవతి అందామంటే నేను పెళ్లాన్ని కాను, విడిపోయి తొమ్మిదేళ్లయింది. స్నేహితురాలు అందామంటే నోరు రాదు. మనవరాలు ఈదా మాత్రం మెరేట అమ్మమ్మ అని తేలిగ్గా పిలిచేస్తుంది. ఆ రెండో మాట వినబడిన ప్రతిసారీ నా పన్నెవరో పట్టి లాగినట్టుంటుంది. అమ్మమ్మ అంటే సంతలో పంచిపెట్టే మిఠాయా, అడిగిన వాళ్లందరికీ తలా ఒకటి ఇవ్వడానికి? రేపు ఏరో దీవి చర్చిలో ఈదాకు కన్ఫర్మేషన్. పుట్టినప్పుడు తన తరఫున పెద్దలిచ్చిన మాటను ఇప్పుడు తన నోటితో తానే ఒప్పుకునే రోజు. అందుకే ఈ ప్రయాణం, అందుకే ముగ్గురం ఒకే బల్ల దగ్గర. టిక్కెట్లు తీసింది నా కూతురు సిగ్నె. అమ్మా, పెద్దవాళ్లేగా ముగ్గురూ, గంట సేపు ఒకచోట కూర్చుంటే కొంపలు మునుగుతాయా అంది ఫోనులో. కొంపలు మునగవు తల్లీ, మనుషులే మునుగుతారు, అనలేదు నేను, సరేలే అన్నాను.

వంతెన కింద నుంచి వెళ్తున్నాం. టోసింగె ఒడ్డు మీద ఆవచేలు కళ్లు చెదిరేంత పసుపుగా ఉన్నాయి. మా పెళ్లి కూడా మే నెలలోనే, ఇదే పసుపులో. పెళ్లయ్యాక రొట్టెల దుకాణం మీద అద్దెగదిలో మొదటిసారి అతని గురక విన్నప్పుడు నవ్వుకున్నాను, ముద్దొచ్చింది కూడా. నా పని పియానోలకు శ్రుతి చేయడం, బళ్లలో, చర్చిల్లో, ఇళ్లలో. చెవే నా అన్నం. అందుకని ఆ గురకను కూడా వాద్యంలాగే విన్నాను, మంద్రంలో మొదలై, పళ్లచక్రం రంపంలా ఎక్కి, అక్కడ ఒక అపస్వరం పలికి, ఆగిపోయేది. ఆ ఆగిపోవడమే. గురక భరించవచ్చు, ఆగడం భరించలేం. ఊపిరి లేదు, గది లేదు, వీధిలో సైకిలు చప్పుడు లేదు, నేనొక్కదాన్నే చీకట్లో నా ఊపిరి కూడా బిగబట్టి, తీసుకో, తీసుకో, తీసుకో అని లోపల లోపల బతిమాలుకుంటూ ఉంటే, మునిగినవాడు నీటిపైకి తేలినట్టు ఒక్క పెద్ద గుటకతో మళ్లీ మొదలుపెట్టేవాడు, నేను చెమటతో తడిసిపోయి ఉండేదాన్ని, తెల్లారి లేచి ఎంత బాగా నిద్రపట్టిందో అనేవాడు. రైరొట్టె మీద వెన్న రాసుకుంటూ. ఆ వెన్న రాసే చప్పుడు కూడా నాకు కోపం తెప్పించేది. పగలు పియానో ముందు కూర్చుంటే రెండు తీగలు ఒకటిగా కలిశాయో లేదో తేలేది కాదు, కళ్లు మూతలు పడేవి. ఒకసారి చర్చి పియానో వాద్యగాడు నన్ను పక్కకు పిలిచి ఒంట్లో బాగా లేదా అని మెల్లగా అడిగాడు. అంటే నా పని బాగా లేదని. స్వీడన్‌లో గుడారం వేసుకున్న వేసవిలో చుట్టుపక్కల వాళ్లంతా కలిసి వచ్చి మర్యాదగా మమ్మల్ని చెరువు అవతలికి మారమన్నారు. సిగ్నె అప్పుడు పసిది. తండ్రి గురక వినబడితేనే నిద్రపోయేది, లేకపోతే ఏడ్చేది. అలా ఇంట్లో కూడా నేనొక్కదాన్నే ఒక జట్టు.

ఏం చేయలేదు నేను? అతని రాత్రి చొక్కా వీపుకు టెన్నిస్ బంతి కుట్టాను, వెల్లకిలా పడుకోకుండా. ముక్కుకు పట్టీలు అంటించాను. దంతవైద్యుడు అచ్చు తీసి చేసిన పళ్లపలక తెప్పిస్తే ఉమ్మేసి మంచం కిందకి తోశాడు. ఆసుపత్రి వాళ్లు గాలి కొట్టే యంత్రం ఇచ్చారు, ముఖానికి తొడుగు, దానికి గొట్టం. పెట్టుకుని అద్దంలో చూసుకుని, నేనేమన్నా యుద్ధవిమానం నడపబోతున్నానా అని తీసి అలమారాలో పడేశాడు. ఎవరు చూస్తారు ఆస్గర్, చీకట్లో నేను తప్ప అన్నాను. నువ్వే చూస్తావుగా అన్నాడు. అప్పుడా మాటను ఎలా తీసుకోవాలో తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. నా ఒక్కదాని ముందు సిగ్గుపడినవాడు ఇప్పుడు ఓడ నిండా జనం ముందు తీగ వేలాడేసుకుని కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గరి కుక్క ఆ తీగను కుతూహలంగా చూస్తోంది. అతను దానికి కన్ను కొట్టాడు. కుక్కకి.

చివరికి ఒకరోజు పొద్దున, పడవలు కట్టే షెడ్డుకు బయల్దేరబోతూ, పనిసంచీ భుజానికి తగిలించుకుని, నేను మళ్లీ డాక్టరు మాట ఎత్తితే, తిరిగి చూడకుండా అన్నాడు, లోపం నా గొంతులో లేదు విబెకె, నీ చెవుల్లో ఉంది. చెవి మీద బతికే మనిషితో. అంతే. తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. నేను కుట్టుపని గదిలో పరుపు వేసుకున్నాను. ఆ గది గోడ పల్చన. తర్వాత అటకమీది గదికి వెళ్లాను. తర్వాత ఊరవతల చిన్న ఇంటికి. జనం ఎందుకు విడిపోయారని అడిగితే గురక అని చెప్పేదాన్ని, అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని, ఆ నవ్వులో బతికాను ఇన్నాళ్లూ. ఏం చేస్తాం, రోగం. ఎవరి తప్పూ కాదు. వయసు, కండ, గొంతు, దేవుడు చేసిన పొరపాటు. ఆ కారణం నాకు ఇల్లులాంటిది, నలుగురికీ చూపించి, కూర్చోబెట్టి, కాఫీ ఇవ్వదగ్గ ఇల్లు.

ఫోను టింగుమంది. మెరేట అయిపోయింది అంది. అతను రబ్బరు ముక్క తీసి, ఆమె అందించిన కాగితపు రుమాలుతో పెదాలు ఒత్తుకుని, కడిగి తెస్తానని లేచాడు. వెనక్కి వచ్చి, దాన్ని డబ్బాలో పెట్టి బల్ల మీద ఉంచి, కూర్చుంటూ నాతో, నాలుక ఇంకా వేరే వాళ్లదిలా ఉంది అన్నాడు, మాట కొంచెం ముద్దగా. ఎవరిదిలా ఉంది అని అడగబోయి ఊరుకున్నాను. పియానోలు ఎలా ఉన్నాయన్నాడు. ఈ మధ్య తగ్గాయి, అందరూ కరెంటువి కొనుక్కుంటున్నారు అన్నాను. నాలాగే అని నవ్వాడు. ఆ నవ్వు నాకెందుకు ఇచ్చాడు? తర్వాత కోటు మడిచి మెడ వెనక పెట్టుకున్నాడు, కాళ్లు చాపాడు, ఎప్పటిలాగే రెండు నిమిషాల్లో, ప్రపంచం మీద ఏ బాకీ లేనివాడిలా, నిద్రలోకి జారిపోయాడు. మెరేట కాఫీ తెస్తానని వరసలో నిలబడటానికి వెళ్లింది. నేనూ అతనూ, మధ్యలో బల్ల.

తల వెనక్కి వాలింది. కింది దవడ జారింది. నాకు తెలుసు, ఇప్పుడు ముక్కులోంచి చిన్న ఊదుడు, కెటిల్ మూత లేచినట్టు, తర్వాత మంద్రం. వేళ్లు బల్ల అంచు పట్టుకున్నాయి వాటంతటవే. వచ్చేస్తుంది. ఆమెకు ఫోనూ ఉంది, తెల్లడబ్బా ఉంది, కానీ ముప్ఫై ఏళ్లకు పైగా ఆ గొంతు సంగతి తెలిసినదాన్ని నేను, దాని మలుపు మలుపూ నాకు తెలుసు. రానీ. వచ్చాక ఆ పక్క బల్ల వాళ్లు తిరిగి చూస్తారు, కుక్క చెవులు నిక్కిస్తుంది, మెరేట కాఫీ పట్టుకుని నిలబడిపోతుంది, నేను ఏమీ అనను, కిటికీలోంచి బయటికి చూస్తాను, అంతే చాలు నాకు. రాలేదు. ఓడ ఇంజను హోరులో ఏదో ఒకటి దాక్కుందేమోనని ముందుకు వంగాను. ఊపిరి తీసుకుంటున్నాడు, వదులుతున్నాడు. ఛాతీ మీది గుండీ పైకి లేచి కిందికి దిగుతోంది. ఆగడం లేదు. నేను దానితో పాటు నా ఊపిరి బిగబట్టాను, పాత అలవాటు, అతని కోసం ఆగాను, ఆగాల్సిన అవసరం అతనికి రాలేదు, నేనే ఊపిరందక వెనక్కి వాలాను. ఎంత మెత్తగా ఉంది ఆ ముఖం. ఈ ముఖం పక్కన ఆమె రోజూ పడుకుంటుంది. తల అతని భుజం మీద పెట్టి, చెవి నేరుగా ఆ ఛాతీకి ఆనించి, తెల్లవార్లూ, కల కూడా చెదరకుండా. ఆ నిద్ర నాది. నేను ఏళ్ల తరబడి మేలుకుని, చీకటిలో ఊపిరి బిచ్చమెత్తి సంపాదించుకున్న నిద్ర, వేరే ఎవరో వచ్చి పరుపేసుకుని పడుకుంది దాని మీద. అంటే కుదిరేదే. ఇన్నాళ్లూ కుదిరేదే. దేవుడి పొరపాటూ కాదు, వయసూ కాదు. తనకు నచ్చిన మనిషి అడిగితే నోరు తెరిచి నాలుక అప్పగించేవాడే. గురక కాదు మమ్మల్ని విడదీసింది. అడిగింది నేను కావడం. నా ఇల్లు, నలుగురికీ చూపించుకున్న ఇల్లు, గోడ గోడా కూలడం నాకు వినబడింది, చప్పుడు లేకుండా.

డబ్బా బల్ల మీదే ఉంది. చేత్తో తడిమాను. కిటికీ తెరుచుకోదు గానీ బయటి నడవ పది అడుగులే, రెయిలింగ్ తక్కువ ఎత్తే. పడిపోయిందంటే సరి, గాలికి. నా వయసు అరవై ఎనిమిది. చేతిలో మనవరాలి కోసం కొన్న వెండి గొలుసు సంచి. ఆలోచించు విబెకె. మెరేట రెండు గ్లాసులు పట్టుకుని వచ్చి ఒకటి నా ముందు పెట్టింది, డబ్బా మీద ఉన్న నా చేతిని చూసింది, కూర్చుని తన గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. చలికాలం సముద్రస్నానాల సంఘంలో కలిశారట వాళ్లిద్దరూ, ఆవిరిగదిలో. అందుకే కాబోలు ఆమె దేన్నయినా చలి కాచుకున్నట్టే పట్టుకుంటుంది. కాసేపు ఇద్దరం నిద్రపోతున్న మనిషిని చూశాం, తొట్టెలో బిడ్డను చూసినట్టు.

"అదృష్టవంతులు మీరు," అన్నాను. అనాలని అనలేదు, జారింది. "మీరు అడగగానే చేశాడు."

ఆమె నా వైపు తిరిగింది. నిజంగానే అర్థం కానట్టు. "నేను అడిగితేనా?" అంది. "నేను నాలుగేళ్లు అడిగాను విబెకె. నేను అడిగితే ఏమన్నాడో తెలుసా మీకు?" గ్లాసు కింద పెట్టింది. "లోపం తన గొంతులో లేదట. నా చెవుల్లో ఉందట."

అదే మాట. అక్షరం పొల్లుపోకుండా అదే. నా కోసమే చెక్కిన కత్తి అనుకున్నాను ఇన్నాళ్లూ, చెవి మీద బతికే నన్నే చూసి, గురి చూసి విసిరిందని. వంటింటి కత్తి. ఎవరొస్తే వాళ్లకి. నవ్వొచ్చింది, నవ్వు కాదు, నవ్వు ఉండాల్సిన చోట ఒక రాపిడి. చిత్రం, దాని మీద కూడా నాకు అసూయే కలిగింది ఒక్క క్షణం, నా గాయాన్ని కూడా పంచుకుందే ఈమె అని. మరైతే ఎవరి కోసం అని అడిగాను.

ఈదా కోసం, అని చెప్పింది మెరేట. కిందటి శరత్తులో ఈదా వచ్చినప్పుడు కన్ఫర్మేషన్‌కు ఏం కావాలని తాత అడిగాడట. డబ్బు వద్దు, నీ పడవలో వారం రోజులు దీవులన్నీ తిప్పు, మనిద్దరమే అందట. అతని కళ్లల్లో నీళ్లు. వెంటనే ఆ పిల్ల, కానీ తాతా, నువ్వు గురక పెడితే మాత్రం నేను రాను, పడవలో ఉండేది ఒకటే గది అందట, రొట్టె నములుతూ. మర్నాడే డాక్టరుకు ఫోను చేశాడు. ఒంటికి పట్టీలు కట్టుకుని ఇంట్లోనే రాత్రి పరీక్ష చేయించుకున్నాడు. ఇది తేలికపాటి రకమే, తొడుగు వద్దనుకుంటే ఇలాంటిదొకటి ఉంది, పనిచేయొచ్చు, చేయకపోవచ్చు, రోజూ మానకుండా చేసే ఓపిక ఉండాలి అన్నాడట డాక్టరు. ఉందన్నాడట ఆస్గర్.

ఒక్కసారి. రొట్టె నములుతూ ఒక్కసారి అడిగింది. ఆ పడవ నాకు తెలుసు. పలక పలకా అతను చేత్తో కట్టింది, మా పెళ్లయిన కొత్తలో, నేను పక్కన కూర్చుని ఇసుక కాగితంతో రుద్దింది. దాని గదిలో నేను ఒక్క రాత్రి కూడా కంటినిండా నిద్రపోలేదు. పరుపు లాక్కుని పైకి వెళ్లి మంచులో పడుకునేదాన్ని, తడి తాళ్ల మధ్య, కింద రంపం, పైన నక్షత్రాలు. ఇప్పుడు ఆ గదిలో, నా వైపు పలక మీద, నా మనవరాలు తాత పక్కన హాయిగా నిద్రపోతుంది. ఈదా. నా ముక్కు వచ్చింది దానికి. రేపు తెల్లగౌనులో నిలబడుతుంది. దాని మీద. పద్నాలుగేళ్ల పిల్ల మీద నాకు కుళ్లు. ఇంతకన్నా కిందకి దిగడానికి మెట్లు లేవనుకుంటాను. అయినా ఉంది, అబద్ధమెందుకు, గొంతులో చేపముల్లులా ఉంది, మింగితే దిగదు, కక్కితే రాదు.

మెరేట ఇంకా ఏదో చెబుతోంది, ఇంకా మెల్లగా, బల్ల మీది చక్కెర పలుకుల్ని వేలితో ఒకచోటికి చేరుస్తూ. "నేను కిందటేడే పైగదిలోకి మారాను," అంది. "మీకు తెలిసే ఉంటుంది ఎందుకో. ఇప్పుడు గురక లేదు. తలుపు బయట నిలబడి విన్నాను, ఒక రోజు కాదు, చాలా రోజులు. లేదు. అయినా నేను పైనే ఉన్నాను. రమ్మని అతను అనలేదు. రానా అని నేను అనలేదు. పొద్దున కలిసే కాఫీ తాగుతాం, ఆ ఫోను నేనే పట్టుకుంటాను, అన్నీ బాగానే ఉన్నాయి." పలుకులన్నీ కుప్పయ్యాయి. "ఎలా వెళ్లాలో తెలియట్లేదు. సిగ్గేస్తోంది ఈ వయసులో. మీకు తెలిసుంటుందేమో అనిపించింది. అతని సంగతి."

నన్ను అడుగుతోంది. నన్ను. నవ్వాలా, గ్లాసు విసరాలా? ఆ భుజం మీద తల, ఛాతీకి ఆనిన చెవి, నేను కాసేపటి క్రితం చూసి రగిలిపోయిన ఆ పడకలో ఎవరూ లేరు. ఒక మనిషి కింద, ఒక మనిషి పైన, మధ్యలో మెట్లు. ఆ మెట్లు నాకు తెలుసు. కుట్టుపని గదిలో పరుపు వేసుకున్న తొలినాళ్లలో రోజూ చెవి తలుపుకేసి ఉంచేదాన్ని, గురక కోసం కాదు, అడుగుల చప్పుడు కోసం. వస్తాడు, విబెకె రా అంటాడు, లేకపోతే ఊరికే వచ్చి గుమ్మంలో నిలబడతాడు. రాలేదు. విడాకులయ్యాక ఎప్పుడో సిగ్నె చెప్పింది, అమ్మా, నాన్న నువ్వు తిరిగొస్తావని నీ వైపు దుప్పటి చాలా రోజులు మడవలేదు అని. నాకు తెలుసు జవాబు. ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. నోరు తెరవలేదు. ఎందుకు తెరవాలి? నా నిద్ర ఎవరూ తిరిగివ్వలేదు. ఆమెకు నేనెందుకు దారి చూపించాలి, వెలిగించిన దీపం పట్టుకుని మెట్లమీద ముందు నడుస్తూ, ఇటు రండి, ఇదే పడకగది, జాగ్రత్త, గడప ఎత్తుగా ఉంటుంది అని? చూద్దాం అన్నట్టు తల కదిపి కిటికీ వైపు తిరిగాను. ఏరోస్కోబింగ్ ఎర్రటి కప్పులు కనబడుతున్నాయి. ఆమె చక్కెర కుప్పను అరచేత్తో తుడిచేసి, అడిగినందుకు ఏమనుకోకండి అంది.

ఓడ కూత వేసింది. ఆస్గర్ ఉలిక్కిపడి లేచాడు, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, ఎక్కడున్నాడో తేల్చుకోవడానికి ఒక క్షణం పట్టినట్టుంది, జుట్టు ఒకవైపు లేచి నిలబడింది.

"గురక పెట్టానా?" అన్నాడు.

నన్నే అడిగాడు. ఆమెను కాదు. మా కాపురంలో ఆ ప్రశ్న ఒక్కసారి అడిగి ఉంటే చాలు, నేను నవ్వి, దుప్పటి లాక్కుని, అటు తిరిగి పడుకుని ఉండేదాన్ని, ఈ ముసలితనం దాకా. ఇప్పుడడిగాడు. ఆశగా, లెక్క సరిగ్గా చేశానా అని టీచరును అడిగే పిల్లాడిలా.

"పెట్టావు," అన్నాను.

అతని ముఖం వాడిపోయింది. ఎక్కువగానా అన్నాడు. పర్వాలేదు, ఓడ హోరులో కలిసిపోయింది అన్నాను. నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. ఉంది కూడా, చల్లటి నీళ్లు గొంతు దిగినంత సేపు. మెరేట నన్ను చూసింది. ఆమెకు తెలుసు, పక్కనే కూర్చుని ఉంది. ఒక్క మాట చాలు నన్ను అందరి ముందూ అబద్ధాలకోరును చేయడానికి. ఆమె వంగి అతని మెడ వెనక నుంచి కోటు తీసి, దులిపి, తొడుక్కోవడానికి పట్టుకుంది. అంతే. అతను సామాను తీసుకుని ముందు నడిచాడు, తల కాస్త వంచుకుని, బుగ్గలోపల నాలుకను అటూ ఇటూ తిప్పుకుంటూ.

దిగే వరసలో మేమిద్దరం వెనక పడ్డాం. ముందు కుక్క దంపతులు, తర్వాత సైకిళ్ల వాళ్లు. గాలి ఉప్పుగా ఉంది. నేను క్షమాపణలాంటిది ఏదో చెప్పబోయాను. ఆమే నా చెవి దగ్గరికి వంగి, మీరు అలా అన్నది మంచిదయింది అంది. తగ్గిపోయింది కదా, వచ్చే వారం నుంచి మానేద్దామని మొదలుపెట్టాడట. వారానికి రెండుసార్లయినా చేస్తూ ఉండకపోతే కండ మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు చెప్పినా వినట్లేదట. "ఇక మానడు," అంది, కళ్లు నవ్వుతూ. "నా మాటయితే వినడుగా."

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేనంత, రెయిలింగ్ పట్టుకుని నిలబడేంత. ఆమె కూడా నవ్వింది. వెనక వాళ్లు నడవండి అన్నట్టు దగ్గారు. ఆ నవ్వులో ముల్లు కదిలింది, పోలేదు, కదిలింది. ముందు అతని వీపు, వెడల్పుగా, ముసలిగా. నేనొకప్పుడు బంతి కుట్టిన చోటు. ఇంకో నాలుగడుగులు వేస్తే నేల వస్తుంది, ఆ తర్వాత సిగ్నె ఉంటుంది, చుట్టాలుంటారు, పాటలుంటాయి, ఉపన్యాసాలుంటాయి, ఇక చెప్పడానికి వీలు చిక్కదు, నాకు చెప్పాలనీ ఉండదు. మెరేట చెయ్యి పట్టుకుని ఆపాను. చల్లగా ఉంది చెయ్యి.

"పిలుస్తాడని చూడకు," అన్నాను. "పిలవడు. పిలవడం రాదు ఆ మనిషికి. నువ్వు వస్తావని ఎదురుచూస్తూ కూర్చుంటాడు, ఏళ్లకేళ్లు కూర్చుంటాడు. ఇంటికెళ్లిన రోజే దిండు చంకలో పెట్టుకుని దిగి వెళ్లిపో. ఏమీ అడగకు. గోడవైపు పడుకో, కిటికీ వైపు అతనిది."

ఆమె తలూపింది. కళ్లు ఒత్తుకోవడానికి రుమాలు తీసి, దాని మీద అతను పెదాలు ఒత్తుకున్న గుర్తు చూసి, మళ్లీ జేబులో పెట్టేసుకుంది. తర్వాత నా చెయ్యి వదిలి, గబగబా నడిచి వెళ్లి, అతని చేతిలో ఉన్న రెండు సంచుల్లో ఒకటి అందుకుంది. అతను ఎందుకన్నట్టు చూశాడు. ఆమె ఖాళీ అయిన ఆ చేతిలో తన చెయ్యి పెట్టింది. నేను వెనక నుంచి చూశాను. చూడకుండా ఉండాల్సింది. కళ్లు తిప్పుకోవడానికి ఎన్నో ఉన్నాయి, పడవలున్నాయి, గాలికి ఊగే జెండాలున్నాయి, అయినా దాన్నే చూశాను, ఆ రెండు చేతులు ఎలా ఇమిడాయో, ఆమె బొటనవేలు ఎక్కడ ఆగిందో.

రేవు మీద ఈదా నిలబడి ఉంది, చలికి మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని, జుట్టు అప్పుడే ముడివేయించుకున్నట్టుంది రేపటి కోసం. మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చింది. వచ్చి ముందు తాత మెడకు చుట్టుకుంది. తర్వాత మెరేట వైపు తిరిగింది. నేను వెండి గొలుసు సంచి పట్టుకుని, నా వంతు వచ్చేదాకా నిలబడ్డాను.